మెదక్ చర్చి మెథడిస్టులదా, సీఎస్ఐదా? చూడటానికి ఎప్పుడు వెళ్తే బాగుంటుంది?

రెండూ నిజమే. కట్టింది మెథడిస్టులు, అంటే ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ వాళ్లు. ఇప్పుడు ఉన్నది సీఎస్ఐ కింద. మా అమ్మమ్మది మెదక్ పక్కన పల్లె. ఆమె దాన్ని కెథడ్రల్ అని ఏనాడూ అనలేదు, "పెద్దగుడి" అనేది. ఆలోచిస్తే, కట్టిన నాటికైతే ఆమె మాటే సరైంది. కెథడ్రల్ అంటే బిషప్ పీఠం ఉన్న చర్చి. బ్రిటన్ నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టులకు అసలు బిషప్పులే లేరు. కాబట్టి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన నాటికి అది కెథడ్రల్ కాదు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్లు (ఇంగ్లండ్ చర్చి వాళ్లు), మెథడిస్టులు, మరికొందరు కలిసి దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్ఐ పెట్టుకున్నారు. మెదక్‌కు బిషప్ వచ్చింది ఆ తర్వాతే. వికారాబాద్ వైపు పనిచేసిన అమెరికా మెథడిస్టులు ఆ కలయికలో చేరలేదు. అందుకే అటు వెళ్తే బోర్డుల మీద ఇప్పటికీ మెథడిస్ట్ అనే ఉంటుంది. మీకొచ్చిన కన్ఫ్యూజన్‌కు కారణం ఇదే అనుకుంటా.

కట్టించింది చార్లెస్ వాకర్ పాస్నెట్. 1895లో సికింద్రాబాద్ వచ్చి, మొదట తిరుమలగిరిలో తెల్ల సిపాయిలకు పాదిరిగా ఉన్నాడు. ఆ పని నచ్చక పల్లెల దారి పట్టాడు. 1914లో మొదలైన కట్టడానికి పదేళ్లు పట్టింది. అవి కరువు రోజులు. రాళ్లు మోసినవాళ్లకు కూలి కింద తిండి పెట్టేవారు. మా అమ్మమ్మ అత్తగారు కూడా అట్లా తట్ట మోసిందట. "దొర గుడి కట్టలే, మేం బతకడానికి పని పెట్టిండు" అనేదట ఆవిడ.

శిలువ ఆకారంలో, 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పున గోథిక్ పద్ధతిలో, అంటే కోసుగా ఉండే కమానులతో పాత యూరప్ చర్చిల తరహాలో కట్టారు. గోపురం 175 అడుగులు. లోపల ఐదువేల మంది పడతారు. సాదా ప్రార్థన మందిరాలకు అలవాటుపడిన మెథడిస్టులు ఇంత ఆడంబరంగా ఎందుకు కట్టారా అని నాకు ఇప్పటికీ కొంచెం వింతగానే ఉంటుంది.

అసలు చూడాల్సింది రంగు అద్దాల కిటికీలు. బలిపీఠం వెనక ఆరోహణం (క్రీస్తు పరలోకానికి వెళ్లడం), రెండు పక్కల క్రీస్తు జననం, సిలువ. గీసింది లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ ఓ. సాలిస్‌బరీ. ఆయనా మెథడిస్టే.

మొదటిసారి స్నేహితులను తీసుకెళ్లినప్పుడు నేను చేసిన పొరపాటు చెప్తా. డిసెంబర్‌లో దారిలో టీలు, ఫొటోలు అంటూ ఆగి ఆగి చేరేసరికి పొద్దు గూకింది. లోపల లైట్లు వేసి ఉన్నాయి. కిటికీలు చూస్తే ఏముంది, నల్లటి పలకలు! అద్దం ముక్కలను కలిపే సీసం గీతలు మాత్రం లీలగా కనిపించాయి. ఆ బొమ్మలకు వెలుగు బయటి నుంచే రావాలి, లోపల ఎన్ని లైట్లు వేసినా లాభం లేదు. "దీనికోసమేనా ఇంత దూరం తెచ్చావ్?" అన్నారు. మరుసటి నెల ఒక్కణ్నే పొద్దున్నే వెళ్లా. ఓ ముసలామె నేల మీద కూర్చుని కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. ఆమె తెల్ల చీర కొంగు మీద ఒక నీలం మరక, పక్కనే ఎర్ర మరక. నేను అక్కడున్న కాసేపట్లోనే ఆ ఎర్ర మరక కొంగు మీంచి దిగి నేల మీది మొజాయిక్ టైల్స్ పైకి జరిగింది.

హైదరాబాద్ నుంచి దాదాపు 100 కిలోమీటర్లు. తెల్లవారుజామునే బయల్దేరండి, మబ్బు లేని రోజు చూసుకోండి. క్రిస్మస్ నాడైతే జనసముద్రం, కిటికీల దాకా మీ చూపు వెళ్లదు. ఆ రోజు వెళ్లాల్సింది జనాన్ని చూడటానికి, అదీ బాగుంటుంది.