పాత ఆర్ఎక్స్ 100కి పోర్టింగ్ చేయిస్తే పవర్ పెరుగుతుందా?

"నా దగ్గర 1992 మోడల్ యమహా ఆర్ఎక్స్ 100 ఉంది. బ్లాక్‌కి పోర్టింగ్ చేయించి సైలెన్సర్ మారిస్తే పవర్ పెరుగుతుందా, ఎంత ఖర్చవుతుంది?" అని అడిగారు. పోర్టింగ్ అంటే బ్లాక్ (పిస్టన్ ఆడే సిలిండర్) గోడకున్న పోర్టుల్ని, అంటే గాలీ పొగా వచ్చిపోయే కంతల్ని, గీకి పెద్దవి చేయడం. ఖర్చు సంగతి మీ ఊరి మేస్త్రీ చెబుతాడు. పవర్ అంటారా, పెరుగుతుంది. మీకు అక్కర ఉన్న చోట మాత్రం పెరగదు.

ముందు ఒకటి చెప్పండి. కంపెనీ ఇచ్చిన 11 హార్స్‌పవర్ మీ బండిలో ఇప్పుడు ఉందా? ముప్పై ఏళ్లు దాటిన ఇంజిన్ అది. రోడ్డు మీద తిరుగుతున్న పాత ఆర్ఎక్స్‌లలో సగానికి పైగా ఎనిమిది కూడా ఇవ్వవని నా గట్టి నమ్మకం. మిషన్ పెట్టి కొలవలేదు, నడిపి చెబుతున్నా. లేని పవర్ కోసం బ్లాక్ గీకించే ముందు పోయిన పవర్ ఎక్కడ పోయిందో వెతుక్కోవాలి కదా!

నాన్న బండి నా చేతికొచ్చిన కొత్తలో నాకూ ఈ పోర్టింగ్ పిచ్చే. ఫ్లైఓవర్ ఎక్కాలంటే మూడో గేరుకి దిగాల్సి వచ్చేది. విజయవాడ ఆటోనగర్‌లో ఆర్ఎక్స్ లాంటి టూస్ట్రోక్ బళ్లు తప్ప ఇంకోటి ముట్టుకోని ఒక మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లి "ఎగ్జాస్ట్ పోర్టు పైకి లేపండి మేస్త్రీ" అన్నాను. ఆయన నన్ను ఒక చూపు చూసి, ఏమీ అనకుండా హెడ్డూ బ్లాకూ విప్పేశాడు.

పాత క్యాలెండర్ కాగితం చింపి, గుండ్రంగా చుట్టి, బ్లాక్ లోపలికి దోపాడు. గ్రీజు అంటిన వేలితో లోపలంతా రుద్దాడు. బయటికి తీసి బల్ల మీద పరిస్తే పోర్టులన్నీ నల్లటి అంచులతో అచ్చు పడ్డాయి. కింద కొత్త పెట్రోలు-గాలి మిక్చర్ లోపలికి వచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టులు, వాటికన్నా కాస్త ఎత్తులో కాలిన పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ పోర్టు. ఎగ్జాస్ట్ పైఅంచు మీద స్టీలు స్కేలు ఆనించి, "దీన్ని ఒక్క మిల్లీమీటరు లేపమంటావు, అంతేగా అబ్బాయ్?" అన్నాడు.

అంతే. ఆ ఒక్క మిల్లీమీటరులోనే ఉంది కథంతా. ఈ ఇంజిన్ బోరు (బ్లాక్ లోపలి వెడల్పు) 50, స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 50 మిల్లీమీటర్లు. పైఅంచు ఒక మిల్లీమీటరు లేపితే క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) తిరిగే ఒక్కో చుట్టులో ఎగ్జాస్ట్ తెరిచి ఉండేది ఇంచుమించు ఐదు డిగ్రీలు పెరుగుతుంది. ఏడెనిమిది వేల ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర క్రాంక్ ఒక్కసారి తిరగడానికి సెకనులో వందో వంతు కూడా పట్టదు కాబట్టి అక్కడ ఆ ఐదు డిగ్రీలు పనికొస్తాయి, ఇంజిన్ విరగబడి లాగుతుంది. కింద ఆర్‌పీఎంలో మాత్రం పిస్టన్‌ని తోయాల్సిన మంట ముందే బయటికి పారిపోతుంది. "బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో క్లచ్ పట్టుకుని ఏడ్చేది నువ్వే, నేను కాదు" అన్నాడు మేస్త్రీ.

ఆ తర్వాత అసలు దొంగల్ని ఒక్కొక్కటిగా బయటికి లాగాడు. మ్యాగ్నెట్ వైపు ఆయిల్ సీల్ గట్టిపడి బిళ్లలా అయిపోయింది. అక్కడ గాలి పీల్చుకుంటే మిక్చర్ పలచబడుతుంది, పిస్టన్ వేడెక్కుతుంది, ఓ ఎండాకాలం మధ్యాహ్నం హైవే మీద బ్లాక్‌లో బిగుసుకుపోతుంది. మిక్చర్‌ని లోపలికి రానిచ్చి వెనక్కి పోనివ్వని రీడ్ వాల్వ్ రేకు ఒకటి మూల విరిగి ఉంది. ఇక సైలెన్సర్ లోపలి గొట్టం లాగితే తారు లాంటి మసి. గ్యాస్ టార్చితో కాలుస్తుంటే ఆ వీధంతా కంపు కొట్టింది, పక్క షాపు వాళ్లు తిట్టారు కూడా. సీలు, రేకులు మార్చి, పోర్టుల్లోని బొగ్గు గీరి బిగించాడు. ఆ సాయంత్రం అదే ఫ్లైఓవర్ టాప్ గేరులోనే ఎక్కింది. బ్లాక్‌కి ఆకురాయి తగలనే లేదు.

సైలెన్సర్ గురించి ఇంకో మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. టూస్ట్రోక్‌లో సైలెన్సర్ చప్పుడు తగ్గించే డబ్బా ఒక్కటే కాదు, ఇంజిన్‌లో భాగం. దాని ఆకారాన్ని బట్టి ఒత్తిడి అల వెనక్కి తన్ని, బయటికి జారిపోయే కొత్త పెట్రోలు ఆవిరిని మళ్లీ బ్లాక్‌లోకి తోస్తుంది. ఈ లెక్కను రేసుల్లో పండించినవాడు తూర్పు జర్మనీ ఎంజెడ్ మోటార్‌సైకిల్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్. 1961 నాటికి 125 సీసీ ఇంజిన్ నుంచి 25 హార్స్‌పవర్ పిండాడాయన. అదే ఏడాది ఆ కంపెనీ రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు నుంచి పారిపోయి ఆ విద్యంతా సుజుకికి అందించాడు. 1962లో సుజుకి బండి మీద 50 సీసీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. దేశాలు దాటించి దొంగిలించేంత విలువైన ఆ గొట్టాన్ని మనవాళ్లు హ్యాక్‌సా బ్లేడుతో కోసి పారేస్తారు! చప్పుడు పెరిగితే స్పీడు పెరిగిందనుకుంటారు. అల వెనక్కి రాదు, పెట్రోలు గాలికి పోతుంది, పెద్దవాళ్లు శాపనార్థాలు పెడతారు. హైదరాబాద్‌లో, విశాఖలో పోలీసులు అలాంటివి రోడ్డు రోలర్ కింద వేసి తొక్కించారు. నాకు మాత్రం జాలి కలగలేదు.

వీడియోలు చూసి గ్రైండర్ పట్టుకునే కుర్రాళ్లతో ఇంకో తంటా. పోర్టు ఎత్తుతో పాటు వెడల్పూ పెంచేస్తారు. బోరులో మూడింట రెండొంతులు దాటి వెడల్పు చేస్తే పిస్టన్ రింగు ఆ కిటికీలోకి ఉబ్బి, అంచుకి తట్టుకుని విరుగుతుంది. విరిగిన ముక్క బ్లాకునీ పిస్టన్‌నీ కలిపి గీసేస్తుంది. కిటికీ అంచు నున్నగా వాలు తీయాలనే సంగతి వీడియోలో చెప్పరు, ఎందుకంటే అది చూడటానికి బాగోదు. పైగా ఇప్పుడు దొరికే రింగుల్లో డూప్లికేట్లే ఎక్కువ. ఒక్కటి చెప్పండి, ఇంత చేసి స్పీడు పెంచాక ఆపేది ఏది? ఆ డ్రమ్ బ్రేకులేనా?

అయినా చేయించి తీరతానంటే మీ ఇష్టం. మీ అసలు బ్లాక్ మాత్రం ముట్టుకోనివ్వకండి. ఆర్ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది, బండ్లు ఇప్పుడు లక్ష దాటి అమ్ముడవుతున్నాయి, అది కూడా ఒరిజినల్ బ్లాక్ ఉంటేనే. ఆటోనగర్‌లో వేరే బ్లాక్ ఒకటి కొని దాని మీద ప్రయోగాలు చేయించుకోండి. పోర్టు మార్చాక కార్బరేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే మెయిన్ జెట్ కూడా సరిచూడాలి. ఫుల్ త్రాటిల్‌లో కాసేపు నడిపి, అక్కడే ఇంజిన్ ఆపి ప్లగ్ విప్పి చూడండి. తెల్లగా ఉంటే ఇంకో మీటరు కూడా నడపకండి, పెద్ద జెట్ వేయించండి. ఇటుక రంగులో ఉంటే నడుపుకోండి.