ఫ్లాట్‌లో గండుపిల్లి: తిండి, నీళ్ళు, ట్రే గురించి మా అనుభవం

హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్, ఏడాది వయసున్న గండుపిల్లి, పాలన్నం, అప్పుడప్పుడు కూరలోని చేపముక్క. పగలంతా పడుకుంటోంది, రాత్రిళ్ళు అరుస్తోంది, సోఫా చీరేస్తోంది. అది ఆరోగ్యంగా, హుషారుగా ఉండాలంటే ఏం చేయాలని అడిగారు. మా ఇంట్లోనూ రెండు పిల్లులున్నాయి, ఒకటి మగది, ఒకటి ఆడది. రెండూ ఫ్లాట్‌లోనే పెరిగాయి కాబట్టి చెప్తున్నాను.

ముందు పాలన్నం మాన్పించండి, ఒక్కసారిగా కాదు, మెల్లమెల్లగా. పిల్లి మాంసం తిని బతికే జంతువు. దానికి టారిన్ అనే పోషకం తప్పనిసరి. ఒంట్లో చాలినంత తయారు కాదు, మాంసం నుంచే రావాలి. చాలాకాలం అందకపోతే చూపు పోతుంది, గుండె బలహీనపడుతుంది. ఇక పాలు, ఎంత ఇష్టంగా తాగినా, పెద్ద పిల్లుల్లో చాలావాటికి అరగవు. షాపులో ప్యాకెట్ మీద 'కంప్లీట్' అని రాసి ఉన్న క్యాట్ ఫుడ్ అసలు తిండిగా పెట్టి, పైన ఉప్పూకారం లేకుండా ఉడికించిన చికెన్ కొంచెం ఇవ్వండి, ఎముకలు తీసేసి. కార్జం ఎప్పుడైనా ఒకటి రెండు ముక్కలు చాలు. కూరలోని ముక్క మాత్రం వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. ముక్క కడిగి పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు కానీ పులుసు అప్పటికే లోపలికి ఇంకిపోయి ఉంటుంది.

గండుపిల్లి అన్నారు కాబట్టి అన్నిటికన్నా ముఖ్యమైనది నీళ్ళ సంగతి. పిల్లులు తమంతట తాము నీళ్ళు తక్కువ తాగుతాయి. మగపిల్లికి మూత్రనాళం బాగా సన్నం. స్ఫటికాలో, జిగురో అడ్డుపడితే మూత్రం పూర్తిగా బిగిసిపోతుంది. మా వాడికి అదే జరిగింది. పొద్దున్నుంచి, పిల్లి ఒంటికీ రెంటికీ వెళ్ళడానికి ఇసుక పోసి పెట్టే ట్రేలోకి వెళ్ళి కూర్చోవడం, ఇసుక గోకడం, లేచి రావడం, కాసేపటికి మళ్ళీ వెళ్ళడం. మలబద్ధకమేమో, కాస్త నెయ్యి పెడదామా అంది మా అమ్మ. ట్రే చూస్తే మూత్రానికి ఇసుక ఉండకట్టిన తడి ఉండ ఒక్కటీ లేదు, ఇసుక అంతా పొడిగా ఉంది. అప్పుడప్పుడు తోక కిందికి వంగి నాకుతున్నాడు, పొట్ట ముట్టుకుంటే మూలుగుతున్నాడు. వెంటనే తీసుకెళ్తే డాక్టర్ మత్తిచ్చి, గొట్టం పెట్టి మూత్రం తీశారు. ఇలాంటప్పుడు రేపు చూద్దాంలే అనుకోకూడదు. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు.

అందుకే ట్రే శుభ్రం చేసే పని నేను ఎవరికీ వదలను. తడి ఉండలు ఎన్ని, ఎంతెంత ఉన్నాయి, ఎర్రగా ఏమైనా ఉందా అని రోజూ చూస్తాను. నొప్పి ఉన్నా పిల్లి పైకి తెలియనివ్వదు, ఒక్కోసారి నొప్పితో కూడా గురగురలాడుతుంది. దాని ఆరోగ్యం ముందుగా తెలిసేది ట్రేలోనే. ట్రేని తిండిగిన్నెకు దూరంగా, వాషింగ్ మెషీన్ చప్పుడు లేనిచోట పెట్టండి.

నీళ్ళు ఎక్కువ తాగించడానికి మాకు పనిచేసినవి ఇవి: వెడల్పాటి మట్టి మూకుళ్ళు హాల్లో ఒకటి, బెడ్‌రూమ్‌లో ఒకటి, రెండూ తిండికి దూరంగా. రోజుకో పూటైనా వెట్ ఫుడ్, అంటే తడిగా ఉండే క్యాట్ ఫుడ్. ఉప్పు వేయకుండా చికెన్ ఉడికించిన నీళ్ళు చల్లార్చి పోస్తే గిన్నె నాకి మరీ తాగుతాడు.

పగలు పడుకోవడం గురించి టెన్షన్ వద్దు. పిల్లులు రోజుకు పన్నెండు నుంచి పదహారు గంటలు నిద్రపోతాయి, తెల్లవారుజామున, సందెవేళ హుషారుగా ఉంటాయి. రాత్రి అరుపులకు కారణం బహుశా పిల్లలు కలగకుండా చేసే ఆపరేషన్ చేయించకపోవడమే. చేయించకపోతే ఇప్పుడు చేయించేయండి, గోడల మీద మూత్రం చిమ్మడం కూడా తగ్గుతుంది. రాత్రి భోజనాల ముందు పదిహేను నిమిషాలు కర్రకు ఈక కట్టి ఆడించండి. ఈకను ముఖం మీదికి ఊపకుండా దాని నుంచి దూరంగా, ఎలుక పారిపోతున్నట్టు, కర్టెన్ చాటుకు లాగండి. చివరికి దొరకనివ్వండి. ఆ వెంటనే తిండి పెడితే తిని, ఒళ్ళు నాక్కుని పడుకుంటుంది.

సోఫా చీరుతున్నందుకు కొట్టకండి, గోళ్ళకు ఆ పని కావాలి. బరువైన కర్రకు కొబ్బరి తాడు బిగించి చుట్టి, సోఫా పక్కనే నిలబెట్టండి. అది ఒళ్ళంతా సాగదీసుకునేంత ఎత్తు ఉండాలి. బాల్కనీకి పావురాల నెట్ లేకపోతే ఈ వారంలోనే వేయించండి. పావురం కనిపిస్తే పిల్లికి ఎత్తు గుర్తుండదు.

టీకాల్లో ట్రైక్యాట్ (పిల్లులకు వచ్చే మూడు వైరస్ జబ్బులకు వేసేది), రేబీస్ రెండూ కావాలి. బయటికి వెళ్ళని పిల్లికి రేబీస్ ఎందుకంటారు కొందరు, నేను ఒప్పుకోను, తలుపు సందులోంచి జారిపోవడానికి క్షణం చాలు. నులిపురుగుల మందు మూడు నెలలకోసారి. ఇంట్లో ఫినాయిల్‌తో తడిబట్ట పెడుతుంటే మానేయండి, నేల మీది మందు కాళ్ళకంటుకుని, నాకినప్పుడు కడుపులోకి వెళ్తుంది. జ్వరమనిపించినా మనం వేసుకునే పారాసెటమాల్ మాత్రం ఇవ్వకండి, ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. కుక్కలకు వాడే పిడుదుల మందు కూడా వేయకండి, వాటిలో కొన్ని పిల్లి ప్రాణం తీస్తాయి.

తిండి మాత్రం ఒక్కసారిగా మార్చకండి. పాత తిండిలో కొత్తది కొంచెం కొంచెంగా పెంచుతూ వారం, పది రోజులు తీసుకోండి. ఆకలేస్తే అదే తింటుందిలే అని వదిలేస్తే కాలేయం దెబ్బతినొచ్చు, అందులోనూ లావుగా ఉన్న పిల్లికి. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే డాక్టర్‌కు చూపించండి.