క్యాప్ తీయించుకోవడానికి తొందరపడకండి

ప్రశ్న: 22 నెలల క్రితం నా కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ చేసి జిర్కోనియా క్యాప్ వేశారు. మామూలు క్యాప్ కంటే చాలా ఎక్కువే తీసుకున్నారు. అప్పటి నుంచీ నమిలితే సలుపు. 4 నెలల క్రితం క్యాప్ మీద చిన్న పెచ్చు ఊడింది, లోపల నల్లగా ఏదో కనిపిస్తోంది. అడిగితే ‘గట్టివి కొరికి ఉంటారు’ అని అందరి ముందూ నవ్వారు. అసలు పన్ను మొత్తాన్ని కప్పని ఆన్‌లే సరిపోయేదని ఇంకో డాక్టర్ అన్నారు. బిల్లు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. ఇప్పుడు వాళ్లే ఫోన్ చేసి, పాతది తీసేసి ఫ్రీగా కొత్తది వేస్తామంటున్నారు. ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పోలీసు కేసు పెట్టవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: ఇంత రాశారు గానీ, ఇందులో కేసుకు పనికొచ్చే వాక్యం ఒక్కటే: ‘లోపల నల్లగా ఏదో కనిపిస్తోంది’. దాన్ని మీరు మాటవరసకు చెప్పి వదిలేశారు.

జిర్కోనియా సిరామిక్ పదార్థం. పైన పింగాణీ పూత ఉండి అది పెచ్చులూడినా కింద తెల్లగానే కనిపిస్తుంది. లోపల లోహపు తొడుగు, దాని మీద పింగాణీ ఉండే క్యాప్ వేరు. దాని పెచ్చు ఊడితే లోహం బయటపడుతుంది. మీ నోట్లో ఉన్నది ఆ రెండో రకమైతే, డబ్బు ఒకదానికి తీసుకుని వేరొకటి వేశారన్నమాట. వైద్యంలో నిర్లక్ష్యం జరిగిందా లేదా అన్న పెద్ద చర్చతో దీనికి పని లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఇది సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి కూడా. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకు వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది.

అయితే నల్లగా కనిపించిందల్లా క్యాప్ లోహం కాదు. మరక కావచ్చు. క్యాప్‌కు చిల్లు పడి అడుగున ఉన్న పాత వెండి ఫిల్లింగ్ కనిపిస్తూ ఉండవచ్చు. అది క్యాప్‌లోని పొరేనని చూసి రాసివ్వాల్సింది దంతవైద్యుడే, మీరూ నేనూ కాదు.

సలుపు సంగతి కేసులో ముందుకు తేకండి. క్యాప్ ఎత్తుగా ఉన్నా నొప్పి వస్తుంది, వేరులో ఇన్ఫెక్షన్ మిగిలినా వస్తుంది, పన్ను చీలినా వస్తుంది. ఏది కారణమో, అందులో డాక్టర్ తప్పెంతో నిపుణుడు చెప్పాలి. ఆన్‌లే వాదన ఇంకా బలహీనం. ఇన్‌లే పంటి గుంతలో కూర్చుంటుంది, ఆన్‌లే నమిలే మొనల్ని కూడా కప్పుతుంది, క్యాప్ పన్ను మొత్తాన్ని కప్పుతుంది. రూట్ కెనాల్ చేసిన దవడ పన్ను చీలుతుందేమోనని క్యాప్ వేసే డాక్టర్లు ఎందరో. రెండు సరైన పద్ధతుల్లో ఒకటి ఎంచుకున్నందుకు డాక్టర్‌ను తప్పుపట్టరు. పైగా క్యాప్ కోసం చుట్టూ అరగదీశాక మొదట ఎంత పన్ను మిగిలి ఉందో చెప్పగలిగేది పాత ఎక్స్‌రే, ఫొటోలే. అవి మీ దగ్గర ఉన్నట్టు రాయలేదు. ఆన్‌లే సరిపోయేదన్న డాక్టర్ ఆ మాట లెటర్‌హెడ్ మీద రాసిస్తారేమో అడిగి చూడండి, మీకే తెలుస్తుంది.

ఇక గడువు. అదే వినియోగదారుల చట్టం 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం, అంటే కేసు వేయడానికి కారణమైన సంగతి, పుట్టిన నాటి నుంచి 2 ఏళ్లలోగా ఫిర్యాదు వేయాలి. పెచ్చు ఊడిన రోజే మోసం తెలిసింది కాబట్టి అక్కడి నుంచి లెక్కించాలని మనం వాదించవచ్చు. క్యాప్ వేసిన రోజు నుంచేనని వాళ్లు వాదిస్తారు. ఆ లెక్కన మీకు మిగిలింది 2 నెలలే. 4 నెలలుగా ఏం చేశారు? ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలుంది గానీ, ‘ఫోన్లు చేస్తూ ఉన్నాం’ అన్నది కారణం కాదు. లాయర్ నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు.

ఇప్పుడు అసలు ప్రమాదం: ఆ ఫ్రీ క్యాప్. సిమెంటుతో అతికించిన క్యాప్‌ను చాలాసార్లు డ్రిల్‌తో కోసి, రెండు ముక్కలు చేసి తీస్తారు. ఆ ముక్కలు వాళ్ల చెత్తబుట్టలో పడిన నిమిషంలో మీ కేసు కూడా అందులోనే పడుతుంది. కొత్తది నిజంగా జిర్కోనియానే వేస్తారు. ఇక ఫిర్యాదు విచారించే వినియోగదారుల కమిషన్‌లో మీరు నోరు తెరిచి చూపించినా ఏముంటుంది? ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అన్న కాగితం ముందు పెడితే దాని మీద సంతకం అసలే వద్దు.

ముందు ఆ క్లినిక్‌తో సంబంధం లేని డాక్టర్ దగ్గరికి, వీలైతే ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు వెళ్లండి. దగ్గరగా ఫొటోలు, ఎక్స్‌రే తీయించి, ఏ పంటి మీద ఏ రకం క్యాప్ ఉందో తేదీతో రాయించుకోండి. నొప్పి భరించలేనిదైతే కేసు కోసం వైద్యం ఆపుకోవద్దు. అక్కడే తీయించి, ముక్కలు మీ చేతికిచ్చినట్టు రాయించుకుని కవర్‌లో సీల్ చేయించండి. వాటిని ల్యాబ్ పరీక్షకు పంపమని కమిషన్‌ను కోరవచ్చు.

బిల్లు అశ్రద్ధ చేయడం మీ తప్పే. అయినా దారి ఉంది. బ్యాంకు స్టేట్‌మెంట్, యూపీఐ చెల్లింపు, జిర్కోనియా అన్న మాట ఉన్న వాట్సాప్ మెసేజ్, వారంటీ కార్డు ఇచ్చి ఉంటే అది, ఏది దొరికినా తీయండి. స్క్రీన్‌షాట్లతో సరిపెట్టి ఫోన్ మార్చేయకండి. రికార్డుల కాపీలు, ల్యాబ్‌కు పంపిన ఆర్డర్ స్లిప్ కావాలని క్లినిక్‌కు రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. క్యాప్ చేసేది ల్యాబ్. ఏ పంటికి, ఏ పదార్థంతో, ఏ రంగులో చేయాలో ఆ స్లిప్‌లో ఉంటుంది. ఇవ్వకపోతే కమిషన్ ద్వారా తెప్పించమని అడగవచ్చు.

పోలీసు కేసు ఆలోచన మానుకోండి. వైద్యుడి మీద క్రిమినల్ కేసుకు తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మోసం కేసు అంటారా, మొదటి నుంచీ మోసగించే ఉద్దేశం ఉందని రుజువు చేయాలి. ఆ తిరుగుడులో మీ 2 నెలలూ అయిపోతాయి. మీరు ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. మీరు చెల్లించింది 5 లక్షల రూపాయల లోపే కాబట్టి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. కట్టిన డబ్బు, కొత్త క్యాప్ ఖర్చు, పరిహారం, మూడూ అడగండి.

ఆ ఊడిన పెచ్చు ఏం చేశారో రాయలేదు. పారేసి ఉంటే సరే. ఏ డబ్బాలోనో దాచి ఉంటే, డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు దాన్ని కూడా తీసుకెళ్లండి.