పద్యం వెంటనే నీతి వెతక్కు

చిరంజీవికి ఆశీస్సులు.

పాత కావ్యాల నుంచి బతుక్కి పనికొచ్చేది ఎలా తీసుకోవాలని అడిగావు. పోతన భాగవతం అష్టమ స్కంధంలోని వామన చరిత్రతో మొదలుపెట్టు. కథ తెలిసిందే కాబట్టి ధ్యాసంతా మాట మీదే ఉంటుంది.

పూటకి ఐదారు పద్యాలు చాలు. అర్థం జోలికి పోకుండా ముందు రెండుసార్లు పైకి చదువు. తర్వాత సంధులు విడదీసుకో. ‘బొంకవచ్చు నఘము పొంద దధిప’ అని ఉంటే నిఘంటువులో ‘నఘము’ కోసం వెతికి లాభం లేదు. వచ్చును, అఘము, పొందదు, అధిప అని విడిపోతుంది. అఘమంటే పాపం. ‘బ్రాణ’ అని కనిపిస్తే ‘ప్రాణ’ దగ్గర చూడు, ముందున్న ద్రుతం (ముందు పదం చివరి నకారం) వల్ల పకారం బకారమైంది. తాత్పర్యం ఆఖర్నే తెరువు. ముందే చదివేస్తే కళ్లు పద్యం మీదున్నా మనసు ఆ తాత్పర్యాన్నే వల్లిస్తుంది. మధ్యలో వచ్చే వచనాలు దాటెయ్యకు. ఎవరు ఎవరితో అంటున్నారో చాలాసార్లు తెలిసేది అక్కడే.

చాలామంది బోల్తా పడేదీ అక్కడే. పైన చెప్పిన పాదం ‘వారిజాక్షులందు’ పద్యంలోది. ఆడవాళ్ల విషయంలో, పెళ్లిళ్లలో, ప్రాణ విత్త మానాలకు ముప్పొచ్చినప్పుడు, గోబ్రాహ్మణ రక్షణలో అబద్ధమాడినా పాపం రాదంటుంది. దీన్ని విడిగా పట్టుకుని ‘పోతన ఒప్పుకున్నాడు’ అంటారు. అంటున్నది పోతన కాదు, శుక్రాచార్యుడు. వింటున్నది బలి. మూడడుగులు ఇస్తానని అప్పటికే మాటిచ్చేశాడు. వచ్చినవాడు విష్ణువని గురువు పసిగట్టాడు, శిష్యుడి రాజ్యం పోతుందని ఆయన భయం. ఆ జాబితాలో ‘విత్తం’ ఎందుకుందో ఇప్పుడు చూడు.

బలి జవాబు మరీ జాగ్రత్తగా చదువు. ‘నిజ మానతిచ్చితి నీవు మహాత్మక’ అని గురువు చెప్పింది గృహస్థధర్మమేనని ఒప్పుకుంటాడు. ఆ తర్వాతే ‘పలికి లేదనుకంటె పాపమెద్ది’ అని అడుగుతాడు. అంటే శుక్రుడు దుర్మార్గుడు కాడు, బలి వట్టి అమాయకుడూ కాడు. ‘కారే రాజులు’ పద్యంలో శిబి వంటి దాతల్ని ‘యశఃకాములై’ ఇచ్చినవాళ్లంటాడు. కీర్తి మీద మోజు బలికీ ఉంది. ఆ మాట దగ్గర ఆగు. మాట తప్పనందుకు గురువు శాపం, రాజ్యనాశం రెండూ నెత్తిన పడ్డాయని కూడా రాసుకో. ఆ మూల్యం వదిలేసి తీసిన నీతి ఎందుకూ కొరగాదు.

నోటుపుస్తకంలో ప్రతి ఘట్టానికీ ఎవరన్నారు, ఎవరితో, ఏం ఆశించి, ఏం జవాబొచ్చింది, చివరికేమైంది అని రాయి. నీకు తోచిన నీతి వామన చరిత్ర పూర్తయ్యాకే రాయి. అది నీకు ముందే ఉన్న నమ్మకాన్ని అచ్చంగా సమర్థిస్తున్నా, ఇంట్లో ఇంకొకరికి వడ్డించడానికి వీలుగా ఉన్నా మళ్లీ చదవాలి. నేటి మనసుకి రుచించని మాటలుంటే సమర్థించొద్దు, దాచొద్దు. ‘ఇది ఒప్పను’ అని పక్కనే రాసి ముందుకు వెళ్లు.

ఇది అయ్యాక భారతంలో విదురనీతికి వెళ్లు. అక్కడ విదురుడి మాటల కంటే వింటున్న ధృతరాష్ట్రుణ్ణి గమనించు. అన్నీ నిజమే అంటాడు, కొడుకు దగ్గరికి వెళ్లగానే మనసు మారుతుందనీ తానే చెబుతాడు.

విడదీయలేకపోయిన పద్యాలు నాకు రాసి పంపు, నువ్వు చేసిన పదవిభాగంతో సహా. తప్పైనా సరే, కొట్టెయ్యకుండా పంపు.