చట్టాలు, కోర్టుల తీరుపై కొత్త వ్యాపారం నిలబడటం ఆధారపడి ఉంటుందా?

అవును, రావాల్సిన డబ్బు సమయానికి ఇప్పించే చట్టాలు, త్వరగా తేల్చే కోర్టులు ఉన్నచోట కొత్త వ్యాపారాలు నిలదొక్కుకునే అవకాశం ఎక్కువ.

పాత కంపెనీకి నిల్వ డబ్బు, బ్యాంకులో పరపతి, సొంత లాయర్లు ఉంటారు. కొత్తదానికి రెండు మూడు నెలల ఖర్చులకు నగదు ఉంటే గొప్పే.

ఉదాహరణకు, విడిభాగాలు చేసే ఒక కొత్త సంస్థ పెద్ద కంపెనీకి సరుకు పంపింది. ఆరు నెలలైనా బిల్లు డబ్బు రాలేదు. లెక్కల్లో లాభమే, కానీ ఒకటో తారీఖున జీతాలకు డబ్బుల్లేవు. కేసు వేస్తే తీర్పుకు మూడేళ్లు, ఈలోపే మూతపడుతుంది. ఇలాంటివాటి కోసమే యూరోపియన్ యూనియన్ 2011లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రభుత్వ సంస్థలు మామూలుగా 30 రోజుల్లో బిల్లు చెల్లించాలి, ఆలస్యమైతే వడ్డీ కట్టాలి. (అమలు అన్ని దేశాల్లో ఒకేలా లేదనుకోండి.)

రిజిస్ట్రేషన్ తేలికైతే చాలు, వ్యాపారాలు బతికేస్తాయని చాలామంది అనుకుంటారు. దానివల్ల కొత్తగా పెట్టేవాళ్లు పెరుగుతారు, అంతే. పోటీకి తట్టుకోలేక మూసేసేవాళ్లూ పెరగొచ్చు. పైగా మూతపడటం ప్రతిసారీ చెడ్డదేం కాదు. దివాలా చట్టం సరిగ్గా ఉంటే, నడవని వ్యాపారాన్ని త్వరగా వదిలించుకుని యజమాని ఇంకోటి మొదలుపెట్టగలడు.