మొగుడు పాస్‌పోర్టు దాచేశాడు అక్కా, ఇప్పుడేం చెయ్యాలి?

అమెరికాలో మొగుడు పెడుతున్న హింస గురించి రాస్తూ, "పోలీసులకు చెబితే ఇద్దర్నీ ఇండియా పంపేస్తారట కదా" అన్నావు చెల్లీ. ఆ మాట నీకెవరు చెప్పారో అడగక్కర్లేదు. న్యూజెర్సీకి వచ్చి 21 ఏళ్లయింది, ఇదే మాట మన ఆడపిల్లల నోట చాలాసార్లు విన్నాను. ప్రతిసారీ చెప్పింది మొగుడే.

నేను లాయర్ని కాను. లాయరు దగ్గరికి వెళ్లేలోపు ఏ ఆడపిల్లయినా తేల్చుకోవాల్సింది ఒకటుంది: భర్త సిటిజనా, గ్రీన్‌కార్డా, హెచ్-1బీ (ఉద్యోగ వీసా) మీదున్నాడా? దారి దాన్నిబట్టే మారుతుంది.

సిటిజన్ గానీ గ్రీన్‌కార్డు గానీ అయితే, 1994 నాటి వావా (స్త్రీలపై హింసను అరికట్టే) చట్టం కింద, గ్రీన్‌కార్డుకు దారి తీసే ఐ-360 ఫారం భార్యే వేసుకోవచ్చు. ఆయన సంతకం అక్కర్లేదు, ఆ ఫారానికి ఫీజు లేదు. ఆమె వేసిందన్న సంగతి ఆయనకు చెప్పకూడదని ఇమ్మిగ్రేషన్ వాళ్లకు చట్టమే అడ్డం పెట్టింది. ఒంటి మీద దెబ్బలే ఉండాలని లేదు. రూపాయి చేతికివ్వకుండా కట్టేయడం, డిపోర్ట్ చేయిస్తానని బెదిరించడం కూడా లెక్కలోకి వస్తాయి. రెండేళ్ల కండిషనల్ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, ఆ షరతు తీయించుకునే ఐ-751 ఫారం మీద ఆయన సంతకం కోసం పడి ఉంటారు. అవసరం లేదు, హింస కారణంగా వెయివర్ (ఆ సంతకం నుంచి మినహాయింపు) అడగొచ్చు. సిటిజన్‌షిప్‌కి మామూలుగా ఐదేళ్లు ఆగాలి. హింస పెట్టిన సిటిజన్ భర్త వల్ల ఇలా కార్డు తెచ్చుకున్నవాళ్లకు మూడేళ్లు చాలు, కాపురం సాగుతూ ఉండాలన్న షరతు కూడా వాళ్లకు లేదు.

నువ్వేమో హెచ్-4 మీదున్నావు, అంటే హెచ్-1బీ భర్త వెంట వచ్చే వీసా. పాట్‌లక్కుల్లో ఎవరో ఒకరు "వావా వేసెయ్" అంటారు, నమ్మకు. హెచ్-1బీ వాళ్ల భార్యలకు అది వర్తించదు. నీకున్నవి వేరు. హింసకు గురైన హెచ్-4 వాళ్లకు ఐ-765వీ ఫారం మీద వర్క్ పర్మిట్ వస్తుంది. పోలీసులకు సహకరిస్తే, వాళ్ల సర్టిఫికెట్‌తో యూ వీసాకు (నేరానికి గురైనవాళ్లకిచ్చే వీసా) వెయ్యొచ్చు, కానీ ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు కాబట్టి క్యూ ఏళ్ల తరబడి ఉంటుంది. విడాకులు మంజూరైతే హెచ్-4 పోతుంది. అందుకే ఫ్యామిలీ లాయరు ఏ కాగితం మీద సంతకం పెట్టమన్నా, ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుకు చూపించు.

భర్త దగ్గరికి రాకుండా కోర్టు ఇచ్చే రక్షణ ఉత్తర్వుకైతే ఏ వీసా అన్నది అడ్డం కాదు. మా రాష్ట్రంలో తాత్కాలిక ఉత్తర్వు రాత్రయినా, వీకెండయినా పోలీస్ స్టేషన్ ద్వారా తీసుకోవచ్చు. పది రోజుల్లోపు ఫైనల్ హియరింగ్ పెడతారు. అలాంటి హియరింగ్‌కి ఒకమ్మాయికి తోడుగా వెళ్లాను. హాల్లో అత్తగారు వచ్చి "ఇంటి పరువు" అని ఏడుస్తుంటే, ఆ పిల్ల లేచి వెళ్లి వేరే బెంచీ మీద కూర్చుంది. ఆరోజు నేను చూసిన ధైర్యం అదే.

ఆ అమ్మాయి వాట్సాప్ మెసేజ్‌లు రెండు రాత్రులు కూర్చుని నేనే అనువదించాను. ఇమ్మిగ్రేషన్‌కి పెట్టేవి తెలుగులో ఉంటే ఇంగ్లీషు అనువాదం, అది సరైనదేనని అనువదించినవాళ్ల సర్టిఫికేషన్ జతచేయాలి. "నీ బతుకెంత" అన్న మాటకు సరైన ఇంగ్లీషు దొరక్క అరగంట పట్టింది. నువ్వూ మెసేజ్‌లు డిలీట్ చెయ్యకు. పాస్‌పోర్టు ఫోటో, ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పటి రికార్డు), పెళ్లి సర్టిఫికెట్, ఆయన హెచ్-1బీ అప్రూవల్ కాపీ ఆయనకు తెలియని మెయిల్‌కి పంపుకో. పాస్‌పోర్టు ఇవ్వకపోతే ఇండియన్ కాన్సులేట్‌లో కొత్తదానికి అడగొచ్చు.

ఇంకోటి, దీన్ని మాత్రం గట్టిగా చెబుతున్నా: "నెల రోజులు అమ్మ దగ్గర ఉండి రా" అని ఆయన టికెట్ కొంటే విమానం ఎక్కకు. అలా వెళ్లి, ఇక్కడ విడాకుల కేసు వేశారని గుంటూరులో కూర్చుని తెలుసుకున్న పిల్ల నాకు తెలుసు. తిరిగి రావడానికి వీసా లేదు, వాదించుకోవడానికి మనిషి లేడు.

న్యూజెర్సీలో మానవి, న్యూయార్క్‌లో సఖి, హ్యూస్టన్‌లో దయ, బే ఏరియాలో మైత్రి హింసకు గురైన మన దక్షిణాసియా వాళ్ల కోసం పనిచేసే సంస్థలు. గృహహింస జాతీయ హాట్‌లైన్ 1-800-799-7233, ఎప్పుడైనా ఎత్తుతారు. "తెలుగు ఇంటర్‌ప్రెటర్" అని అడుగు. ఫ్యామిలీ ప్లాన్ ఫోన్ నుంచి చెయ్యకు, కాల్ లిస్టు ఆయన చూడగలడు. పక్కింటావిడ ఫోన్ అడుగు, లేదా లైబ్రరీకి వెళ్లు.