అతిథుల ఇంట్లో ఏముండాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

రామప్ప, లక్నవరం, మేడారం చూడటానికి కుటుంబాలతో వచ్చేవాళ్లు ఇప్పుడు హోటల్ గది కంటే వండుకునే వీలున్న ఇల్లు అడుగుతున్నారు. అలా ఇల్లు సిద్ధం చేస్తున్న పాఠకులు పంపిన ప్రశ్నలివి.

ప్రశ్న: మా పై పోర్షన్‌లో రెండు పడకగదులు. ఆరుగురికి రోజువారీ అద్దెకు ఇద్దామనుకుంటున్నాం. వంటింట్లోకి ఏమేం కొనాలి? ఇంట్లో పడి ఉన్న పాత గిన్నెలు సరిపోవా? – ఒక గృహిణి, హనుమకొండ

ఆరుగురమని చెప్పి ఎనిమిది మంది దిగడం మామూలే కాబట్టి ఎనిమిదికి లెక్క వేయండి. మొదట కుక్కర్. మనిషికి పూటకు 120 గ్రాముల బియ్యం వేసుకున్నా కిలో దాకా అవుతుంది. బియ్యం, పప్పు లాంటి ఉబ్బే వాటితో కుక్కర్‌ను సగానికి మించి నింపకూడదు. ఐదు లీటర్ల కుక్కర్లో సగమంటే రెండున్నర లీటర్లు. ఒకటికి రెండు నీళ్లు పోస్తే అందులో పట్టేది 700 గ్రాముల బియ్యమే. వచ్చినవాళ్లకు ఈ లెక్క తెలియదు, కిలో పోసి మూత పెట్టేస్తారు. గంజి పొంగి విజిల్ రంధ్రం మూసుకుపోతుంది, చివరికి సేఫ్టీ వాల్వ్ ఊడుతుంది. అన్నానికి ఏడున్నర లీటర్లది, పప్పుకు మూడు లీటర్లది తీసుకోండి. రెండింటికీ గాస్కెట్, సేఫ్టీ వాల్వ్ ఒక్కోటి అదనంగా మీ దగ్గర ఉంచుకోండి. గాస్కెట్ గట్టిపడితే ఆవిరి పక్కల నుంచి పోతుంది, విజిల్ రాదు, రాత్రి తొమ్మిదింటికి మీకు ఫోన్ వస్తుంది.

నాటుకోడి కూరకు అడుగు మందంగా ఉన్న ఆరు లీటర్ల గంజు ఒకటి కావాలి. పల్చటి స్టీల్ గిన్నెలో మసాలా మాడిపోతుంది, ఆ మాడు గీకడం మీ పనిమనిషికి అదనపు చాకిరీ. గంజి వార్చుకునే వాళ్లకు సిబ్బి, పాలకు రెండు లీటర్ల గిన్నె, మూకుడు, రొట్టె పెనం ఉండాలి. జొన్న రొట్టెకు ఇనుప పెనమే బాగుంటుంది కానీ కడిగి తడిగా వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు. ప్రతి బస తర్వాత పొయ్యి మీద ఆరబెట్టి, చుక్క నూనె రాసి తగిలించమని శుభ్రం చేసేవాళ్లకు చెప్పండి. నాన్‌స్టిక్ మీద ఎక్కువ డబ్బు పెట్టకండి. స్టీల్ అట్లకాడతో నెలలోనే పూత లేచిపోతుంది. దోసెల కోసం చవకది ఒకటి, పక్కనే చెక్క గరిటె, అంతే.

తల్లెలు, గిలాసలు, చెంచాలు పన్నెండేసి. అన్నీ స్టీలే. గాజు పగిలితే ముక్కలు ఏరడమే కాదు, చిన్నపిల్లల కాళ్లలో గుచ్చుకుంటే మాట మీదికి వస్తుంది. కత్తిపీట కూడా అదే కారణంతో వద్దు. రెండు కత్తులు, ఒక చెక్క పలక ఇచ్చి, కత్తులకు మాత్రం నెలకోసారి సాన పట్టించండి. అతిథులు మొట్టమొదట తిట్టుకునేది మొండి కత్తినే. మిక్సీ 750 వాట్లకు తగ్గకూడదు. గట్టి పిండి వేస్తే ఆగిపోతుంది. అడుగున ఉన్న ఎర్ర బటన్‌ను ఐదు నిమిషాల తర్వాత నొక్కితే మళ్లీ తిరుగుతుందని జార్ పక్కన గోడకు రాసి అంటించండి. చాలామంది కాలిపోయిందనుకుంటారు.

భద్రకాళి గుడికో, మొక్కులకో వచ్చేవాళ్లలో మాంసం వండిన గిన్నె ముట్టనివాళ్లుంటారు. వాళ్ల కోసం ఒక చిన్న కుక్కర్, ఒక గంజు, ఒక మూకుడు, రెండు గరిటెలు వేరే అల్మారాలో పెట్టండి. రంగు చుక్కలు పెడితే పొయ్యి వేడికి పోతాయి. గిన్నెల దుకాణంలో పేరు చెక్కినట్టే ‘శాకాహారం’ అని చెక్కించండి. మిగతా సామానుకు ఇంటి పేరు చెక్కిస్తే పొరపాటున వాళ్ల సంచుల్లోకి పోయే గిన్నెలూ తగ్గుతాయి.

పాత గిన్నెల సంగతి: మీరు ఏ పొయ్యి పెడుతున్నారన్న దాన్ని బట్టి. దాని సంగతి కింది జవాబులో ఉంది.

ప్రశ్న: పాలంపేట దారిలో మా ఇల్లు. గ్యాస్ పెట్టాలా, ఇండక్షన్ పెట్టాలా? మా ఇంటి సిలిండరే అక్కడికి మార్చుకోవచ్చా? – ములుగు జిల్లా పాఠకుడు

ఇంటి కనెక్షన్ మీద వచ్చే 14.2 కిలోల సిలిండర్ సొంత ఇంటి వంటకే. అద్దె వ్యాపారానికి వాడకూడదు. 19 కిలోల వాణిజ్య సిలిండర్ తీసుకోండి. వారాంతాల్లో మాత్రమే ఇచ్చేవాళ్లు 5 కిలోల సిలిండర్ గురించి ఏజెన్సీలో అడగండి. సిలిండర్ నిటారుగా ఉండాలి, స్టవ్ దానికంటే ఎత్తులో ఉండాలి. గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేలమట్టంగా పరుచుకుంటుంది. కాబట్టి పైనున్న కిటికీ ఒక్కటే చాలదు, కింద కూడా గాలి పోయే సందు కావాలి. సిలిండర్ పెట్టే అరకు అందంగా తలుపులు బిగించి అన్నివైపులా మూసేయడం మా దృష్టిలో ప్రమాదకరమైన ముస్తాబు. గొట్టం సురక్షా రకం, ఒకటిన్నర మీటరుకు మించకుండా, ఐదేళ్లకు మార్చాలి. వాసన వస్తే స్విచ్‌లు ముట్టొద్దు, రెగ్యులేటర్ ఆఫ్ చేసి 1906కు ఫోన్ చేయాలి అని పెద్ద అక్షరాలతో తెలుగు, హిందీ, ఇంగ్లిష్‌లలో పెట్టండి.

ఇండక్షన్‌కు వైరింగే అసలు ఖర్చు. 2000 వాట్ల పొయ్యి దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. మామూలు 6 ఆంపియర్ల సాకెట్‌లో పెడితే ప్లగ్ కరిగిపోతుంది. 16 ఆంపియర్ల సాకెట్, విడిగా ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) ఉండాలి. గీజర్, ఇండక్షన్ ఒకే లైన్ మీద ఉంటే పొద్దున స్నానాల వేళకే ట్రిప్ అవుతుంది. ఇక గిన్నెలు: అయస్కాంతం అడుగుకు గట్టిగా అంటుకోవాలి. అల్యూమినియం, ఇత్తడి, రాగి గిన్నెలు పనిచేయవు, అడుగు గుండ్రంగా ఉన్న మూకుడు కూడా అంతే. సర్వపిండి చేసుకుందామని సర్వ గిన్నె అడిగేవాళ్లకు ఇండక్షన్ మీద దారి లేదు. మా సలహా: రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యి ముఖ్యం, కరెంటు ఉన్నప్పుడు టీకి, పాలకు ఇండక్షన్ ఒకటి అదనం.

ప్రశ్న: దుప్పట్లు తెల్లవి వేయాలా, రంగువా? ఎన్ని జతలు? – వరంగల్

మంచానికి మూడు జతలు. ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకులో, ఒకటి అల్మారాలో. వానకాలంలో ఆరడానికి రెండు రోజులు పట్టినా ఇబ్బంది ఉండదు. మేం తెల్ల నూలు దుప్పట్లకే ఓటేస్తాం. ముదురు రంగు మరకను దాస్తుంది కానీ బ్లీచింగ్ వేయలేం, నాలుగు నెలలకే వెలిసిపోయి మురికిగా కనిపిస్తుంది. తెల్లదానికి పసుపు అంటితే సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, భయపడక్కర్లేదు. శుభ్రంగా జాడించి గట్టి ఎండలో ఆరేస్తే పసుపు రంగు వెలుతురుకే విరిగిపోతుంది. కుంకుమ, తలనూనె మాత్రం మొండివి. దిండ్లకు గలీబు లోపల జిప్ ఉన్న ఇంకో తొడుగు, పరుపుకు నీరు దిగని కవర్ తప్పనిసరి. పరుపు తడిస్తే ఉతకలేం కదా.

అదనంగా వచ్చేవాళ్లకు ఫోల్డింగ్ మంచాలు కొనడం దండగ. కొత్తవాడ నూలు జంబుఖానాలు నాలుగు తీసుకోండి. ఈ వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, నేలమీద పడుకోవడానికి అంతకంటే గట్టివి దొరకవు. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర రోజుల్లో ఇవి ఎన్నున్నా చాలవు. ఆ రోజుల్లో ఇంకొకటి: అతిథులు తెచ్చుకునే ‘బంగారం’, అంటే బెల్లం, సంచిలోనే వదిలేస్తే ఇల్లంతా చీమలే. బిగుతు మూత ఉన్న పెద్ద స్టీల్ డబ్బా ఒకటి కనిపించేలా పెట్టండి.

ప్రశ్న: మాది బోరు నీళ్లు. ఫిల్టర్ ఏది మంచిది? గీజర్ ఎంతది? – భూపాలపల్లి

ముందు నీళ్లు పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే తాగడానికి పనికిరావు. మరిగించినా పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. యూవీ ఫిల్టర్ క్రిములను చంపుతుంది, ఫ్లోరైడ్‌ను ముట్టదు. ఆర్వో తీస్తుంది కానీ కరెంటు లేకపోతే ఆగిపోతుంది, దాని ట్యాంకులో నిల్వ ఉండేది ఏడెనిమిది లీటర్లే. ఎనిమిది మందికి తాగడానికి, వంటకు కలిపి రోజుకు 40 లీటర్లు కావాలి. కాబట్టి రెండు 20 లీటర్ల క్యాన్లు ఎప్పుడూ నిండుగా ఉంచండి. మిషన్ భగీరథ నల్లా ఉంటే తాగడానికి ఆ నీళ్లే పట్టుకుని, బోరును స్నానాలకు, ఉతుకులకు వదిలేయండి.

పైన ట్యాంకు వెయ్యి లీటర్లకు తగ్గొద్దు. నగరాల్లో తలసరి రోజుకు 135 లీటర్ల లెక్క వేస్తారు, ఆ లెక్కన ఎనిమిది మందికి ఒక్క రోజుకే 1080 లీటర్లు, అంటే వెయ్యి లీటర్లన్నది కనీసం మాత్రమే.

గీజర్ 25 లీటర్లది. మన దగ్గర బకెట్ స్నానమే కదా, 60 డిగ్రీల నీళ్లు చన్నీళ్లతో కలిపితే మూడు బకెట్లు వస్తాయి. మళ్లీ కాగడానికి 2000 వాట్ల గీజర్‌కు అరగంట. ఈ ‘అరగంట’ అన్నది స్విచ్ పక్కన రాసి పెట్టకపోతే నాలుగో మనిషి గీజర్ పాడైందంటాడు. బోరు నీటి సున్నం హీటర్ రాడ్‌కు గడ్డకట్టి వేడెక్కడం ఆలస్యమవుతుంది, ఏడాదికోసారి విప్పించి శుభ్రం చేయించండి. లోపలి మెగ్నీషియం రాడ్ అరిగిపోతే అప్పుడే మార్పించండి. అది లేకపోతే తుప్పు ట్యాంకునే తింటుంది.

ప్రశ్న: ఇన్వర్టర్ మీద ఎంతసేపు నడుస్తుంది? – కరీంనగర్

150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ ఒకటి కాగితం మీద 1800 వాట్ అవర్లు, చేతికి వచ్చేది 1200 చుట్టూ. 75 వాట్ల ఫ్యాన్లు నాలుగు, 9 వాట్ల బల్బులు ఎనిమిది, వైఫై కలిపి 380 వాట్లు అవుతుంది, మూడు గంటలు. ఫ్యాన్లు 30 వాట్ల బీఎల్‌డీసీ రకానికి మారిస్తే అదే బ్యాటరీ ఆరు గంటలు లాగుతుంది. రెండో బ్యాటరీ కొనేముందు ఫ్యాన్లు మార్చండి. గీజర్, ఇండక్షన్, ఫ్రిజ్, ఏసీ సాకెట్లు ఇన్వర్టర్ లైన్‌లో లేకుండా ఎలక్ట్రీషియన్‌తో విడదీయించండి. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పోయాలి, ఎండకాలంలో నెలకోసారి చూడాలి.

ప్రశ్న: కోతుల బెడద. అతిథులు భయపడుతున్నారు. – కాజీపేట

వంటింటి కిటికీకి దోమల జాలీ చాలదు, చింపేస్తాయి. దానికి బయటివైపు అంగుళం గళ్ల వెల్డెడ్ మెష్ కొట్టించండి. కిందికి వంచే హ్యాండిల్ ఉన్న తలుపులను అవి తేలిగ్గా తెరుస్తాయి, లోపలి గడియ ఎత్తులో బిగించండి. నీళ్ల ట్యాంకు మూతకు తాళం, చెత్తబుట్ట లోపలే. డాబా మీద తినొద్దని, చేతిలో సంచితో కోతికి ఎదురు నిలబడొద్దని ముందే చెప్పాలి. ఆరేసిన బట్టలు పోతున్నాయంటే వాటికి కూడా మెష్ కట్టిన చిన్న బాల్కనీ కావాల్సిందే.

ప్రశ్న: రామప్ప చూడటానికి విదేశీయులు కూడా అడుగుతున్నారు. వాళ్లకు వేరే ఏర్పాట్లు కావాలా? – హనుమకొండ

సామాను సంగతి పెద్దగా లేదు. టాయిలెట్ పేపర్, అన్నిరకాల పిన్నులు పట్టే సాకెట్ అడాప్టర్, కాఫీ ఫిల్టర్ చాలు. కాగితాల సంగతే ముఖ్యం. విదేశీయులు దిగిన 24 గంటల్లోగా వాళ్ల పాస్‌పోర్ట్, వీసా వివరాలను, వాడుకలో సి ఫారం అనేదాన్ని, విదేశీయుల నమోదు ప్రభుత్వ పోర్టల్‌లో నింపాలి. అందుకు ముందుగా మీ ఇంటిని అక్కడ నమోదు చేసుకుని ఉండాలి. ఆ పని మొదటి బుకింగ్ ఒప్పుకోక ముందే పూర్తిచేయండి, అతిథి గుమ్మంలో నిలబడ్డాక మొదలుపెడితే 24 గంటలు చాలవు.